పందొమ్మిది సెకన్లు

మొన్న కార్తీకమాసంలో మా వారిని ఉన్నపళంగా ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది. గాభరా పడకండి, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. నేనీ నాలుగు ముక్కలూ రాస్తూంటే పక్కగదిలోంచి "కాఫీ" అని కేక వేస్తున్నారు కూడాను. ఆ "ఫీ" ఇంకా తిన్నగా పలకదు గాని, కేకలో దర్జా ఏమీ తగ్గలేదు.

ఆనాడు తెల్లవారి ఆరుగంటలకి ఆయన నన్ను పిలిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. పళ్ళసెట్టు పెట్టుకోలేదు, అందుకని కాబోలు అనుకున్నాను. గ్లాసు చేతిలోంచి జారి కాఫీ అంతా పక్కమీద ఒలికింది. నిద్రమత్తు కాబోలు అనుకున్నాను. ఈ అనుకోవడాల్లో గంటంబావు గడిచిపోయింది. చివరికి మా మనవడు లేచివచ్చి, "అమ్మమ్మా, తాతగారి మూతి చూడు, ఒకపక్కకి పోతోంది" అన్నాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు, వైద్యం తెలియదు. అయినా నాకంటే ముందు వాడే చూశాడు.

ఆస్పత్రిలో డాక్టరు చాలా చిన్నవాడు. నాడి పట్టుకోకముందే అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఎప్పుడు తెలిసిందమ్మా మీకు?"

నేను తడబడ్డాను. ఏడుంబావుకి అనవచ్చు. మనవడు చెప్పింది అప్పుడే కదా! కాని "ఆరుగంటలకి" అన్నాను. రక్తపుగడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల ఎక్కించాలిట. ఆ లెక్క నేను చెప్పే గంటనుంచే మొదలవుతుందిట. తలకి సీటీ తీసి, లోపల రక్తస్రావం లేదని చూసుకుని, మందు ఎక్కించారు. తరువాత ఎం.ఆర్.ఐ.కి పంపారు.

అయితే ఆ ప్రశ్న వినగానే నా ఒళ్ళు జలదరించడానికి ఇంకో కారణం ఉంది. సరిగ్గా అదే ప్రశ్న, అవే మాటల్లో, 1976లో ఇంకొకరు నన్ను అడిగారు. అప్పుడు నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నా గొంతులో ముల్లులాగే ఉంది. ఆ సంగతే చెబుదామని కూర్చున్నాను.

ముందు ఎం.ఆర్.ఐ. గది దగ్గరికి రండి. అద్దం అవతల యంత్రం టకటకా, డబడబా కొట్టుకుంటోంది. ఇవతల తెరమీద మా వారి మెదడు బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి పడుతున్నాయి. మనవడు నా భుజంమీదుగా వంగి చూసి, "అమ్మమ్మా, బొమ్మలకింద టి1, టి2 అని ఉందేమిటి?" అన్నాడు.

"మీ అమ్మ పుట్టకముందు నేను అయిదేళ్ళపాటు కొలిచినవి అవేరా" అన్నాను.

వాడు నా మొహంకేసి ఎలా చూశాడంటే, బెంగపడి అమ్మమ్మకి మతి చలించిందనుకున్నాడు పాపం! వాడికి తెలిసిన అమ్మమ్మ ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పి రిటైరయిన మనిషి. అంతకుముందు నేనొక విశ్వవిద్యాలయంలో (దాని పేరు ఇక్కడ అనవసరం) పరిశోధన చేశానని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పుకోలేదు.

వరండాలో బెంచీమీద కూర్చుని వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

హైడ్రోజను పరమాణువు నడిబొడ్డున ప్రోటాను ఉంటుంది. అదొక బుల్లి బొంగరం, బుల్లి అయస్కాంతం కూడాను. పెద్ద అయస్కాంతం మధ్య పెడితే, పడబోయే బొంగరం తల ఊపినట్టు అది ఒక నియమిత వేగంతో తల తిప్పుతుంది. మా లేబరేటరీలో ఆ వేగం సెకనుకు కోటిసార్లు. సరిగ్గా అదే లయలో రేడియో తరంగాన్ని ఒక్క క్షణం పంపిస్తే ప్రోటానులు తలకిందులవుతాయి. తరంగం ఆపేస్తే నెమ్మదిగా మళ్ళీ యథాస్థానానికి వస్తాయి. ఆ తిరిగిరావడానికి పట్టే కాలాన్నే టి1 అంటారు, విశ్రాంతికాలం అనుకోండి. టి2 దాని చెల్లెలు. బొంగరాలన్నీ ఒకే తాళంలో తిరగడం మొదలుపెట్టి, ఎంతసేపటికి తాళం తప్పుతాయో చెప్పేది అది.

మరి తలకిందులైన ప్రోటాను దానంతట అది ఎందుకు తిరిగివస్తుంది? రాదు. ఎవరో ఒకరు కదపాలి. కదిపేది పొరుగు ప్రోటాను. ద్రవంలో అణువులు ఊరుకోవు. దొర్లుతూ, పొర్లుతూ ఉంటాయి. అణువు దొర్లినప్పుడల్లా పొరుగు ప్రోటాను పక్కకి తిరిగి, దాని అయస్కాంతబలం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు మన ప్రోటాను లయకి కుదిరితేనే పని జరుగుతుంది.

ఉయ్యాల ఊపిన ఆడవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పసివాణ్ణి పడుకోబెట్టి ఉయ్యాలతాడు పెద్దపిల్ల చేతికిస్తే, అది ఆటకి పోవాలన్న తొందరలో తాడు టకటకా లాగేస్తుంది. ఉయ్యాల వణుకుతుంది తప్ప ఊగదు. ముసలమ్మ చేతికిస్తే కునుకు తీస్తూ ఎప్పుడో ఒకసారి లాగుతుంది. అప్పుడూ ఊగదు. ఉయ్యాల లయ తెలిసి లాగేదాని చేతిలోనే ఊగుతుంది. నీళ్ళలో అణువు ఆ పెద్దపిల్లలాంటిది. సెకనులో లక్షకోట్ల వంతులు చేస్తే అందులో కొద్ది వంతుల్లోనే పక్కకి దొర్లిపోతుంది. ప్రోటాను లయకి అది మరీ దూకుడు. అందుకని నీళ్ళలో టి1 రెండుమూడు సెకన్లదాకా సాగుతుంది. గ్లిజరిను చిక్కటిది, నీటికంటే వెయ్యిరెట్లకు పైగా. అందులో అణువు నింపాదిగా కదులుతుంది, లయకి దగ్గరపడుతుంది, టి1 సెకనులో చిన్న భాగానికి పడిపోతుంది. దాన్నే ఇంకా చల్లబరిస్తే ముసలమ్మ కునుకులోకి జారుతుంది. టి1 మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది.

"అంటే గడియారం పెట్టుకుని సెకన్లు లెక్కబెడితే, లక్షకోట్లో వంతులో అణువు చేసే పని తెలుస్తుందా?" అన్నాడు మనవడు.

అదే కదా నన్ను ఇరవైమూడేళ్ళ వయస్సులో పట్టుకున్న పిచ్చి!

1972లో నేను పరిశోధనలో చేరాను. మా ప్రొఫెసరుగారు పొట్టిగా, ఎప్పుడూ తెల్లచొక్కాతో, జేబులో స్క్రూడ్రైవరుతో ఉండేవారు. అయస్కాంతం, రేడియో భాగాలు, తీగచుట్ట అన్నీ ఆయనా శిష్యులూ కలిసి కట్టుకున్నవే. సాయంకాలం యంత్రం వేడెక్కేలోపల మాకు కథలు చెప్పేవారు.

ఆయనకి ఇష్టమైన కథ బ్లూంబర్గెనుది. హాలెండు దేశపు కుర్రవాడు. యుద్ధం చివరి చలికాలంలో తిండిలేక ట్యూలిప్ పువ్వుల దుంపలు తిని కడుపు నింపుకున్నాడు. కిరసనాయిలు దీపంలాంటి దానికింద క్వాంటం సిద్ధాంతం చదువుకున్నాడు. 1946లో అమెరికా చేరి హార్వర్డులో అడుగుపెట్టాడు. అంతకు కొద్దివారాల ముందే, 1945 డిసెంబరులో, అక్కడ పర్సెల్, టోరీ, పౌండ్ అనేవాళ్ళు పారఫిన్ మైనంలో ప్రోటానుల అనునాదాన్ని మొదటిసారి పట్టుకున్నారు. స్టాన్‌ఫర్డులో బ్లాక్ బృందం దాదాపు అప్పుడే నీళ్ళలో పట్టుకుంది. 1952లో బ్లాక్‌కీ పర్సెల్‌కీ కలిపి నోబెలు బహుమతి వచ్చింది. బ్లూంబర్గెను, పర్సెల్, పౌండు కలిసి 1948లో అచ్చువేసిన వ్యాసమే మా విద్యకి పెద్దబాలశిక్ష. నేనిప్పుడు ఉయ్యాలతో చెప్పిందంతా వాళ్ళు లెక్కలతో చెప్పారు. గ్లిజరినును చల్లబరుస్తూ టి1 తగ్గి, అడుగంటి, మళ్ళీ పైకి లేవడం చూపించారు.

ఈ కథకి ముందు ఇంకో కథ ఉంది. అదే హాలెండులో గోర్టరు అనే ఆయన 1936లోనూ 1942లోనూ ఇదే అనునాదం కోసం వెతికి భంగపడ్డాడు. ఆయన స్ఫటికాలు మరీ శుద్ధంగా ఉన్నాయని, అందువల్ల విశ్రాంతికాలం విపరీతంగా పెరిగి సంకేతం చచ్చిపోయి ఉంటుందని తరువాతివాళ్ళు చెప్పారు. శుద్ధి ఎక్కువై ఆయన నష్టపోయాడు. నా సంగతి సరిగ్గా దానికి తిరగబడింది.

మనదేశం సంగతీ చెప్పేవారు ప్రొఫెసరుగారు. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటులో సూర్యన్ గారు 1951లోనే పారే ద్రవంలో ఈ అనునాదాన్ని పరిశీలించారనీ, స్టాన్‌ఫర్డులో పనిచేసివచ్చిన ధర్మట్టిగారు బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూటులో ఈ విద్య నెలకొల్పారనీ చెబుతూ, "మనమేం తక్కువ తినలేదర్రా" అనేవారు.

నాకు అప్పగించిన పని ద్రావణాలు. బెంజీనుని కార్బన్ టెట్రాక్లోరైడులో కలపడం, టి1 కొలవడం. (ఈ రెండు ద్రవాలనీ ఇప్పుడు పిల్లల్ని ముట్టుకోనివ్వరు. మొదటిది కేన్సరు తెస్తుంది, రెండోది కాలేయాన్ని తింటుంది. మేము గాజుగుడ్డతో తుడిచినట్టు వాడేశాము.) కార్బన్ టెట్రాక్లోరైడే ఎందుకంటే దానిలో ప్రోటానులు లేవు. బెంజీను ప్రోటానుని కదిపేవాళ్ళు రెండు రకాలు: తన అణువులోనే ఉన్న తోబుట్టువులు, పక్కనుంచి పోయే పరాయి అణువులు. ప్రోటానులు లేని ద్రవం పోసి పలచన చేస్తూపోతే పరాయివాళ్ళు దూరమవుతారు. పెళ్ళివారంతా వెళ్ళిపోయాక ఇంట్లోవాళ్ళ మాట వినబడినట్టు, చివరికి ఆ అణువు సొంతంగా ఎంత వేగంతో దొర్లుతోందో తెలుస్తుంది.

దీనికంతటికీ మొదటిమెట్టు శుద్ధమైన బెంజీను టి1. పైదేశాల పత్రికల్లో 19 సెకన్లని ఉంది. నాకు ఒకనాడు 6 వచ్చేది, ఒకనాడు 8 వచ్చేది. 19 మాత్రం ఎన్నడూ రాలేదు.

నాకు పని నేర్పింది మా సీనియరుగారు. ఆయన అప్పటికే డాక్టరేటు పుచ్చుకుని అదే డిపార్టుమెంటులో లెక్చరరుగా ఉన్నారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఆయన నన్ను చెల్లాయ్ అనేవారు. కావిడి పట్టుకున్నట్టు వంగి టంకం ఎలా వేయాలో, ఆసిలోస్కోపు తెరమీద గీత ఎలా చదవాలో చేయి పట్టుకుని నేర్పారు. వాళ్ళింట్లో వదినగారి చేతి ఆవపెట్టిన అరటికాయ కూర ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. ఆయన థీసిస్ కూడా ఇలాంటి పలచని ద్రవాలమీదే. రెండు వ్యాసాలు అచ్చయ్యాయి. ఆయన విలువలూ నా విలువల్లాగే చిన్నవి.

"వాళ్ళ యంత్రాలు వేరు, మనవి వేరు చెల్లాయ్. నీ పల్సు తిన్నగా పడటంలేదు, అది చూసుకో" అనేవారు.

నాలుగునెలలు పల్సు చూసుకున్నాను. పగలు వోల్టేజి నిలకడ ఉండేది కాదు. రాత్రి పదిదాటితేగాని అయస్కాంతం స్థిరంగా నిలబడేది కాదు. ఆడపిల్లని రాత్రిళ్ళు ఒంటరిగా వదలనని మా నాన్నగారు తమ్ముణ్ణి కాపలా పంపించేవారు. వాడు పి.యు.సి. పుస్తకం తలకింద పెట్టుకుని లేబరేటరీ బల్లమీదే గుర్రుపెట్టేవాడు. ఆ ఏడు వాడు పరీక్ష తప్పాడు. ఆ పాపంలో సగం నాదే.

ఒక ఆదివారం మా అమ్మ అన్నానికి ఎసరు పెట్టి, చూస్తూండమని నన్ను కూర్చోబెట్టింది. నీళ్ళు మరగడానికి చాలాముందే గిన్నె గోడలకి సన్నసన్న బుడగలు పట్టాయి. అది ఆవిరి కాదు. నీళ్ళలో కరిగి ఉన్న గాలి వేడికి బయటికి వస్తోంది. గాలిలోని ఆక్సిజను అణువు అయస్కాంత స్వభావం కలది. దానిలోని ఎలక్ట్రానుల బలం ప్రోటాను బలానికి ఆరువందల రెట్ల పైమాటే. ద్రవంలో అది కాస్త కరిగి ఉంటే చాలు, ప్రోటానులన్నిటినీ కదిపి తొందరగా ఇంటికి తోలేస్తుంది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. నాకూ తెలుసు, అన్నయ్యగారికీ తెలుసు. అందుకే కొలిచేముందు అరగంటసేపు నత్రజని బుడగలు పోనిచ్చి గాలిని తరిమేసేవాళ్ళం. తరిమేశామనే అనుకున్నాం! ఆ తరువాత మూతతీసి, ఆ ద్రవాన్నే చక్కగా గాలిలోంచి ఇంకో గొట్టంలోకి వంచేవాళ్ళం.

ప్రొఫెసరుగారి పాత పని అంతా గ్లిజరిను, నూనెలు. అక్కడ టి1 ఎలాగూ సెకనులో చిన్న ముక్క. ఆక్సిజను చేసే అల్లరి అందులో కలిసిపోతుంది. పెళ్ళిపందిట్లో దోమ రొద వినబడుతుందా? అందుకే ఆ పద్ధతి తప్పని ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు. బెంజీను అర్ధరాత్రి నిద్రపట్టని గదిలాంటిది. అక్కడ ఒక్క దోమ చాలు.

"అమ్మాయ్, ఎసరు పొంగిపోతోందే!" అని అమ్మ అరిచేదాకా నాకు స్పృహ లేదు.

గాలిని నిజంగా తీసెయ్యాలంటే ద్రవాన్ని గడ్డకట్టించి, పైనున్న గాలిని పంపుతో లాగేసి, మళ్ళీ కరిగించాలి. కరిగేటప్పుడు లోపల మిగిలిన గాలి పైకి వస్తుంది. మళ్ళీ గడ్డకట్టించి మళ్ళీ లాగాలి. దీనికి ద్రవ నత్రజని కావాలి. మాకు అది లేదు. కాని బెంజీను అయిదున్నర డిగ్రీలకే గడ్డకడుతుంది. దానికి ఐసుక్రీము చేసేవాడి కిటుకు చాలు! తమ్ముడు సైకిలు వెనక గోనెసంచిలో, రంపప్పొట్టు కప్పిన ఐసుగడ్డ తెచ్చాడు. కల్లుప్పు మా వంటింట్లోదే. పంపు లాగేటప్పుడు కొంచెం బెంజీను కూడా పోతుంది. పోనీండి, శుద్ధద్రవంలో కొంత పోయినా మిగిలింది శుద్ధద్రవమే కదా. మొదటి గొట్టం కరిగించేటప్పుడు పుటుక్కున పగిలింది. అడుగునుంచి కాక పైనుంచి కరిగించాలని అప్పుడు తెలిసింది.

రెండుసార్లు గడ్డకట్టించి, మూతి కాల్చి మూసిన గొట్టంలో 9 సెకన్లు వచ్చాయి. నాలుగుసార్లు చేసినదానిలో 16. ఆరుసార్లు చేసిన గొట్టం రాత్రి పన్నెండుకి అయస్కాంతం మధ్య పెట్టాను.

కొలిచే పద్ధతి చెబుతాను. మొదటి బొత్తాం నొక్కితే ప్రోటానులు తలకిందులవుతాయి. స్టాప్‌వాచీ చూసుకుంటూ ఆగి, రెండో బొత్తాం నొక్కితే, అప్పటికి అవి ఎంతవరకు తిరిగివచ్చాయో తెరమీద కనిపిస్తుంది. సరిగ్గా సగందూరం వచ్చినవేళ సంకేతం సున్నా. ఆ సున్నా పడే కాలం టి1లో 69 శాతం. ఒక్కొక్క కొలతకీ మధ్య ఒకటిన్నర నిమిషం ఊరికే కూర్చోవాలి, ప్రోటానులు పూర్తిగా సేదతీరేదాకా. ఆరు సెకన్లకి నొక్కాను, సున్నా లేదు. తొమ్మిదికి లేదు. పదకొండుకి లేదు. పదమూడు దాటి ఒక చిటికెకి గీత చదునుగా పడుకుంది. లెక్కకట్టక్కర్లేదు, నాకు తెలుసు. 19.

తమ్ముణ్ణి లేపి చెప్పాను. "అయితే ఇంటికెళ్ళి పడుకోవచ్చా?" అన్నాడు.

ఆనందం ఆ ఒక్కరాత్రే. తెల్లవారేసరికి రెండో సంగతి బుర్రకెక్కింది. నా పాత విలువలు తప్పయితే అన్నయ్యగారి థీసిస్‌లో పట్టికలు కూడా తప్పు. అచ్చయిన రెండు వ్యాసాలూ తప్పు. పై నెలలో ఆయనకి రీడరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

ప్రొఫెసరుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, "నీ విలువలు నువ్వు రాసుకో. పాతవాటితో పోల్చనక్కర్లేదు" అన్నారు. అంతకంటే ఒక్కమాట అనలేదు. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన్ని అడిగితే, "చెప్పాలి. ఎప్పుడన్నది నువ్వే ఆలోచించుకో" అన్నారు. ఇలాంటి సలహా వల్ల మనిషికి నిద్ర పట్టదు.

నేను ఆలోచించుకున్నాను. ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి, అద్దె ఇల్లు. నెలరోజులు ఆగితే ఏం మునిగిపోతుంది? ఇంటర్వ్యూ అయ్యాక చెబుదామనుకున్నాను. ఆ నెలంతా ఆయన వచ్చి "ఏమైందమ్మా నీ 19?" అని అడిగితే, "ఇంకా చూస్తున్నానండీ" అంటూ మూసిన గొట్టాల్ని బీరువాలో దాచాను. వాళ్ళింటికి భోజనానికి పిలిస్తే తలనొప్పని తప్పించుకున్నాను.

ఆయనకి ఉద్యోగం వచ్చింది. మిఠాయి పంచారు. వారం ఆగి గొట్టాలూ నోటుపుస్తకమూ తీసి ఆయన ముందుపెట్టాను.

ఆయన ఒక్కొక్క పేజీ తిప్పారు. ఏమీ అనకుండా లేచివెళ్ళి, ఆ రాత్రి తనే ఐసు తెప్పించుకుని, తనే గొట్టం తయారుచేసి, రెండింటిదాకా కూర్చుని కొలిచారు. 19 వచ్చింది. స్టాప్‌వాచీ బల్లమీద పెట్టి అప్పుడు అడిగారు:

"ఎప్పుడు తెలిసింది నీకు?"

నోటుపుస్తకంలో తేదీ ఉంది. ఆయన చూశారు కూడాను. అయినా నా నోటితో చెప్పించాలనుకున్నారేమో. చెప్పాను.

"అయితే ఇంటర్వ్యూకి ముందే." అంతే అన్నారు. కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. ఆ వ్యాసాలమీదే ఇంటర్వ్యూలో ముప్పావుగంట ప్రశ్నలు వేశారట; ఆయన వాటిని సమర్థించుకుని వచ్చారట. ఈ సంగతి తరువాత ఇంకొకరివల్ల విన్నాను.

తన విలువలు తప్పని, ఎందుకు తప్పో వివరిస్తూ ఆయన పత్రికకి ఉత్తరం రాశారు. అది అచ్చయింది. అందులో నాకు కృతజ్ఞత చెప్పారు. ఉద్యోగం ఎవరూ తీసెయ్యలేదు. కాని ఆ ఉద్యోగం ఆయనకి ఎప్పుడూ ఒంటికి పట్టలేదు. పై మెట్టుకి దరఖాస్తు పెట్టమంటే పెట్టేవారు కారు. వదినగారు మాత్రం ఒకసారి బజార్లో నన్ను నిలేసి, "చెప్పదలచుకుంటే ముందన్నా చెప్పాల్సింది, లేకపోతే ఎప్పటికీ చెప్పకుండా ఊరుకోవాల్సింది. మధ్యలో ఈ పనేమిటమ్మా?" అన్నారు. తరువాత మరి మాట్లాడలేదు. ఆవిడ ప్రశ్నకి నాదగ్గర జవాబు లేదు.

మిగిలిన కథ చిన్నది. ద్రావణాలకి ఐసు చాలదు. కార్బన్ టెట్రాక్లోరైడు సున్నాకి ఇరవైమూడు డిగ్రీలు కిందకి పోతేగాని గడ్డకట్టదు, పైగా రెండు ద్రవాల్లో ఏది ఎక్కువ పోయినా పాళ్ళు మారిపోతాయి. పశువైద్యశాఖవారి కేంద్రంలో ద్రవ నత్రజని ఉందని ఎవరో చెప్పారు. ఫిజిక్సు పరిశోధనకి గేదెల ఆస్పత్రికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే అయి ఉంటాను. 1977లో డాక్టరేటు వచ్చింది, ఆ వెంటనే పెళ్ళీ అయింది. ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం దొరికింది. అక్కడ అయస్కాంతమంటే డ్రాయరులో ఉన్న గుర్రపునాడా ఒక్కటే.

అయినా పత్రికలు తెప్పించుకుని చదివేదాన్ని. ప్రోటాను బదులు కార్బన్-13 అనే కేంద్రకాన్ని పట్టుకుంటే, ఒకే అణువులో ఏ కొస ఎంత కదులుతోందో విడివిడిగా తెలుస్తుంది. పది కార్బనుల డెకనాల్ అనే అణువుని డోడ్రెల్, ఆలర్‌హాండ్ అనేవారు 1971లోనే అలా కొలిచారు. ఆల్కహాలు కొస దగ్గర టి1 సెకనుకి లోపే. తోకచివర మూడు సెకన్లు. కట్టుకొయ్యకి కట్టిన ఆవు మెడ కదపలేకపోయినా తోక ఆడించుకున్నట్టు! అది చదివిననాడు సాయంకాలం నేను వంటచేయలేదు. మా వారు హోటలునుంచి ఇడ్లీలు తెచ్చారు. ఎందుకని అడగలేదు.

ఇంక మళ్ళీ ఆస్పత్రి వరండాకి. మనవడికి కథంతా చెప్పలేదు, ఉయ్యాలదాకానే చెప్పాను. ఇంతలో డాక్టరు పిలిచి బొమ్మలు చూపించాడు. టి1 బొమ్మలో మెదడు చుట్టూ ఉన్న నీరు నల్లగా ఉంది. అక్కడ నీటి అణువులు స్వేచ్ఛగా దొర్లుతాయి కనుక నాలుగు సెకన్లదాకా తిరిగిరావు. మెదడు పదార్థంలో నీరు ప్రోటీనుల పొరుగున నెమ్మదిస్తుంది. అక్కడ సెకనుకి అటూ ఇటూ. నా గొట్టాల్లోని లెక్కే. ఇంకో బొమ్మలో మాత్రం ఎడమవైపు గోరంత తెల్లమచ్చ ఉంది.

"ఇది డిఫ్యూషను బొమ్మమ్మా. అంటే..." అని డాక్టరు మొదలుపెట్టాడు.

నాకు తెలుసు. స్వేచ్ఛగా ఉన్న నీటి అణువు ఒంటి వేడిలో సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు దూరం తిరిగి వస్తుంది. రక్తం అందని చోట కణాలు ఉబ్బి, లోపలి నీటికి దారి ఇరుకవుతుంది. కదలలేని నీరు అక్కడ తెల్లగా కనిపిస్తుంది. హాన్ అనే ఆయన 1950లో ప్రతిధ్వని పద్ధతి కనిపెట్టినప్పుడే అణువులు జరిగిపోతే ప్రతిధ్వని తగ్గుతుందని గమనించాడు. ఇదంతా నేను పాఠంలా చెప్పగలను. కాని ఆ మచ్చ మా వారిది. నేను నోరు మూసుకుని, "ఎంతవరకు పోయిందండీ?" అని మాత్రం అడిగాను.

"మచ్చ చిన్నదే. మాటా, కుడిచెయ్యీ కొంత ఇబ్బంది. మీరు వేళ సరిగ్గా చెప్పారు కనుక మందు ధైర్యంగా ఇచ్చాం" అన్నాడు.

అన్నయ్యగారు 2009లో పోయారు. అంతకు చాలాముందు, ఆయన రిటైరయిన ఏడు, పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. లోపల లేబరేటరీ స్టాప్‌వాచీ. చీటీ ఏమీ లేదు. కీ ఇస్తే ఇప్పటికీ నడుస్తుంది.

కుడిచెయ్యి ఎత్తి గాలిలో నిలబెట్టి ఉంచమని ఫిజియోథెరపీ అమ్మాయి మా వారికి చెప్పింది. రోజూ పొద్దున ఆయన చెయ్యి ఎత్తుతారు, నేను ఆ వాచీ నొక్కుతాను. మొదటివారం నాలుగు సెకన్లకే పడిపోయేది. నిన్న పదకొండుదాకా నిలిపారు.